పన్నెండు కిలోమీటర్ల ఇవతల

మాత్ర అక్క నాలుక కింద పెట్టి ఏడు నిమిషాలైంది. పనిచేయడానికి నలభై నిమిషాలు పడుతుందని నర్సు చెప్పింది. ఒక్కోసారి గంట కూడా పట్టొచ్చని మాత్రం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటూ, నాకొక్కదానికే వినిపించేలా చెప్పింది. అంటే ఈ ఇనుప సామాను గోదాము గోడ పక్కన, ఇంజను ఆపేసిన ఈ ముసలి బండిలో, మేమిద్దరం ఇంకా ముప్పై మూడు నిమిషాలు ఉండాలి, కాదంటే యాభై మూడు. కదలడానికి లేదు. బండి కదిలితే అక్క వెన్ను కదులుతుంది. అబ్బా అని కూడా అనలేదు అక్క, "కొంచెం ఆపవే" అంది, అంతే, దారిలో ఏదో కొనుక్కోవాలన్నట్టు. కానీ నేను వెనక్కి తిరిగి చూసేసరికి కిటికీ అంచు పట్టుకున్న ఆమె వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. గోదాముకి తాళం, గేటు దగ్గర కాపలావాడి కుర్చీ ఉంది గానీ కాపలావాడు లేడు, కుర్చీ మీద మడతపెట్టిన దిండు, దిండు మీద ఎండ. ఇంజను చల్లారుతూ టిక్కుమంటోంది, కాసేపు ఆగి మళ్ళీ టిక్కుమంటోంది, నేను ఆ చప్పుడుని అక్క ఊపిరితో కలిపి వింటున్నాను, రెండింట్లో ఏది ఆగినా నాకు తెలియాలి.

అక్క తల నా సీటు వెనకే ఉంది, కాళ్ళు వెనక తలుపు వైపు. తిరిగి చూస్తే నుదురు తలకిందులుగా కనిపిస్తుంది, కనుబొమలు కింద, గడ్డం పైన, ఎవరో తెలియని మనిషిలా. కాళ్ళు నా వైపు పెట్టుకుంటే నడుపుతూ నీ మొహం చూడొచ్చు అన్నాను నిన్న. వద్దంది, తల ఇటు పెడితే వెనక అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది, నా మొహం నువ్వు రోజూ చూసేదేగా అంది. ఈ బండికి వెనక అద్దం పెద్దది. పూల దుకాణం ఆయన పదిహేనేళ్ళు ఇందులో పూల బకెట్లు మోశాడు, లోపల పూలు జనానికి కనపడాలని ఆ అద్దం రోజూ తుడిచేవాడట. ఆయన మా కళ్ళద్దాల దుకాణానికి విరిగిన ఫ్రేము పట్టుకుని వచ్చాడు, నేను కొత్త కాడ బిగిస్తుంటే మాటల్లో చెప్పాడు, పాత స్టేషన్ వ్యాగన్ ఒకటుందమ్మా, పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకుంటున్నాను అని. నేను ధర అడగలేదు. వెనక సీట్లు మడిస్తే లోపల పొడుగెంత అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు లేని కళ్ళతో నా వైపు చూసి, చేతులు చాపి గాల్లో ఒక పొడుగు చూపించాడు. ఆ సాయంత్రం అక్క నిద్రపోతుంటే టేపు తెచ్చి మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచాను. కొలిచి, అంకె చేతి మీద రాసుకుని, అప్పుడు తట్టింది నాకు, పడుకున్న మనిషిని ఇలా కొలిచేది శవపెట్టె కోసమని. టేపు చుట్టేసి గబగబా సొరుగులో పడేసి, చెయ్యి సబ్బుతో కడిగేశాను. అంకె పోలేదు, మనసులో ఉండిపోయింది. బండి లోపలి పొడుగు ఆ అంకె కంటే జానెడు ఎక్కువ. ధర కూడా చవకే, పాత ఇనుముకి ఎంత వస్తుందో అంతే పుచ్చుకున్నాడాయన, అంబులెన్సు ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ రాదు, మామూలు కారులో అక్క పది నిమిషాలు కూడా కూర్చోలేదు, ఇంకేం ఆలోచించాలి.

తొమ్మిది నిమిషాలు. కాదు, గడియారం మళ్ళీ చూశాను, పదకొండు. ఎండ గోడ మీద నుంచి బానెట్ మీదికి దిగింది. రంగు ఇంకా సరిగ్గా రాలేదు, ఎడమ పక్క ఒక నీలం, కుడి పక్క ఇంకో నీలం. అక్క చూసి నవ్వింది పొద్దున, బండికి కూడా నీలాగే రెండు మొహాలు అంది. నేను ఎప్పుడూ అలిగేదాన్నట, అలిగితే నా మొహం సగం ఒకలా సగం ఒకలా ఉండేదట. ఇరవై రెండేళ్ళప్పుడు అక్క నాకు డ్రైవింగ్ నేర్పబోయింది. ఊళ్ళో సగం మందికి అక్కే నేర్పింది, ఇరవై ఆరేళ్ళ పాటు, పక్క సీటు కింద కూడా బ్రేకున్న చిన్న తెల్ల కారులో, డాక్టర్లకి, బేకరీ వాళ్ళకి, చర్చి ఫాదరుకి కూడా, ఒక్కరి మీద గొంతెత్తలేదు. నా మీద మొదటి రోజే ఎత్తింది. నేను మలుపులో పాల వ్యాను మీదికి పోనిచ్చాను, అక్క తన బ్రేకు తొక్కింది, ఇద్దరం ముందుకు ఊగి వెనక్కి పడ్డాం, నీకు చెప్పడం నా వల్ల కాదు దిగు అంది. దిగాను. నడిచి ఇంటికొచ్చాను, నాలుగు కిలోమీటర్లు, అక్క వెనకే కారు మెల్లగా నడుపుకుంటూ వచ్చింది, ఎక్కవే అని ఎన్నిసార్లు అందో. ఎక్కలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బస్సుల్లో తిరిగాను. అంత చిన్న సంగతి మీద ఒక మనిషి ముప్పై ఏళ్ళు బస్సుల్లో తిరగొచ్చు. మాట్లాడుకోకపోవడమేం కాదు, ఒకే ఇంట్లో పెరిగాం, అమ్మా నాన్నా పోయాక అదే ఇంట్లో ఉండిపోయాం, కలిసి తిన్నాం, దుప్పట్లు కలిసి మడిచాం, ఆ ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రన్‌వే మాట అక్కే అంది. వాడకం మానేసిన పాత రన్‌వే, ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల, కొత్తవాళ్ళని అక్క మొదట అక్కడికే తీసుకెళ్ళేది, గుద్దడానికి ఏమీ లేదు, గడ్డీ ఆకాశమూ తప్ప. నాలుగు నెలల కిందట జ్వరం తగ్గిన ఒక పొద్దున, ఒకసారి ఆ రన్‌వే చూడాలనుందే అంది. వెన్నుకి పాకిన క్యాన్సరుకి ఇక మందులు వేసి లాభం లేదని డాక్టరు చెప్పి అప్పటికి వారం. ఆ వారమంతా నాకు ఏం చేయాలో తెలియలేదు, గదిలో నిలబడేదాన్ని, కూర్చునేదాన్ని, గ్లాసు ఇక్కడి నుంచి అక్కడ పెట్టేదాన్ని. రన్‌వే అనగానే నాకు ఎవరో చెయ్యి అందించినట్టయింది.

మెకానిక్ బాబాయి షెడ్డులోకి బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తివాచీ మూల పట్టి ఎత్తి, చూపుడు వేలితో నేలని పొడిచాడు. వేలు కిందికి దిగిపోయింది. పూల బకెట్ల నీళ్ళు తివాచీ కింద చేరి, పదిహేనేళ్ళుగా ఇనుముని బిస్కెట్టులా మెత్తబరిచాయి. ఆ బెజ్జంలోంచి షెడ్డు నేల మీద చీమలు పోతుండటం కనిపించింది. దీని మీద మనిషిని పడుకోబెడతావా అమ్మా అన్నాడు. కోసేశాం, తుప్పు పట్టినంత మేరా కోసి కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించాం, నేను గరుకు కాగితంతో అంచులన్నీ రుద్దాను. దుకాణంలో రోజంతా వెంట్రుక మందం తేడా రాకుండా అద్దాలు అరగదీసే చేతులకి ఆ మోటు పని ఎంత హాయిగా ఉందో, ఎంత రుద్దినా ఎవరికీ నష్టం లేదు. వెనక తలుపు ఎత్తితే నిలబడేది కాదు, పూలాయన కర్ర ఆనించి నెట్టుకొచ్చేవాడు, తలుపుని పైనే ఆపిపట్టే గ్యాసు గొట్టాలు కొత్తవి వేశాం. రేడియేటరు కారేది. క్లచ్ ప్లేటు మార్చాం. ఇంజను వేడెక్కితే ఏదో చప్పుడు చేసేది, బాబాయికి అంతుపట్టలేదు. నేను ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి రాత్రి భోజనాలప్పుడు అక్కకి వినిపించాను. అక్క కళ్ళు మూసుకుని రెండుసార్లు విని, ఫ్యాను బెల్టు కాదు, నీళ్ళ పంపు బేరింగు, చెప్పు ఆయనకి అంది. అదే అయింది. బాబాయి మర్నాడు స్పానరు పట్టుకున్న చేత్తోనే మా ఇంటి వైపు ఒక సలాము కొట్టాడు. ఇక అప్పటి నుంచి రోజూ రాత్రి ఏదో ఒక చప్పుడు తీసుకెళ్ళడం అలవాటైంది. వెనక చక్రాల కమాన్లు, ఆ ఉక్కు పట్టీల స్ప్రింగులు, బరువులు మోయడానికి చేసినవి, అలాగే ఉంచితే నా నడుం విరుగుతుంది, ఒక పట్టీ తీసేయమను అని కూడా అక్కే చెప్పింది. తీశాం. షెడ్డు ముందు గుంటల్లో నేనే వెనక పడుకుని చూశాను, బాబాయి నడిపాడు, ఉయ్యాలలా ఉందని చెప్పాను. నా వెన్ను బాగుంది కదా. బాగున్న వెన్నుతో పడుకుని, ఉయ్యాలలా ఉందని చెప్పాను.

అక్క ఊపిరి పీల్చింది, ఆగింది, వదిలింది. పంతొమ్మిది నిమిషాలు. గోడ మీద ఒక పిల్లి వచ్చి మా బండిని చూసి మళ్ళీ వెళ్ళిపోయింది. నీళ్ళు కావాలా అని అడగాలనిపించి, అడిగితే మాట్లాడాలి, మాట్లాడితే నొప్పి, ఊరుకున్నాను. బయల్దేరేటప్పుడు అంతా బాగానే జరిగింది. బాబాయి చేసిన చెక్క పలక మీద పరుపు, పరుపు మీద అక్క, నలుగురం పట్టుకుని బల్ల సొరుగులా లోపలికి తోశాం. ఊళ్ళో రోడ్డు నున్నగా ఉంది. అక్క వెనక్కి పోతున్నవన్నీ చెబుతూ వచ్చింది, పోస్టాఫీసుకి రంగు మార్చారే, ఆ మందుల షాపు ఎప్పుడు మూసేశారు, ఆ స్కూటరువాడు నా దగ్గర నేర్చుకున్నవాడే, చూడు ఇప్పటికీ సిగ్నలు వేయకుండా తిరుగుతాడు. గొంతులో పాత అక్క. నేను స్టీరింగు బిగించి పట్టుకుని, ఈ బండి కోసమే నేర్చుకున్న, లైసెన్సు వచ్చి పదిహేను రోజులైన చేతులతో, ముప్పై దాటకుండా నడిపాను, ఒక్కసారైనా బాగుందని అంటుందేమోనని చూస్తూ. రైలు పట్టాల దగ్గర ఆపి, ఒకటో గేరులో, మనిషి నడిచినంత మెల్లగా దాటించాను. అయినా నాలుగు దెబ్బలు, రెండు ముందు చక్రాలకి, రెండు వెనక చక్రాలకి. వెనక చక్రాల మీదే అక్క పడుకుని ఉంది. ఆ తర్వాత అక్క ఏమీ చెప్పలేదు. దుకాణాలు పోయాయి, ఇళ్ళు పోయాయి, చెప్పడానికి ఏమీ లేక ఊరుకుందని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉంది.

సులువుగా ఉన్నదే అనుకుంటూ వచ్చాను నాలుగు నెలలూ. ఈ గోడ పక్కన కూర్చుని ఇక ఏం దాచుకోను. బండి పని మూడు వారాల్లో అయిపోయేది. బాబాయి ఆ మాటే అన్నాడు మొదట. నేను మూడు నెలలు చేశాను. డాష్‌బోర్డు సొరుగు లోపల ఎవరికి కనిపిస్తుందని రంగు వేశాను? సీటు జరిగే పట్టాలు ఊడదీసి కిరసనాయిలుతో కడిగి మళ్ళీ ఎందుకు బిగించాను, ఆ సీటులో కూర్చునేది నేనే కదా. దుకాణం ఆరింటికి మూస్తారు, ఇల్లు పది నిమిషాలు, నేను తొమ్మిదింటికి వెళ్ళేదాన్ని. నర్సు చూసుకుంటుందిగా అనుకునేదాన్ని. అక్క కోసమే చేస్తున్నానుగా అనుకునేదాన్ని, గ్రీజు చేతులు తుడుచుకుంటూ, గుడ్డతో మళ్ళీ ఇంకోసారి తుడుచుకుంటూ. షెడ్డులో ఏది పాడైనా దానికి ఒక పేరుంది, దానికి ఒక స్పానరు ఉంది, తిప్పితే ఊడుతుంది. ఇంట్లో ఆ గదిలో తిప్పడానికి ఏమీ లేదు. అక్క రోజురోజుకీ మంచంలో చిన్నదవుతూ ఉండేది, నేను ఆ తలుపు దగ్గర చెయ్యి పెట్టి, తియ్యకముందే మొహం సర్దుకుని, ఇవాళ ఏం చప్పుడు తెచ్చానో చూడు అంటూ లోపలికి వెళ్ళేదాన్ని. ఆ మూడు గంటలు, రోజుకి మూడు గంటల చొప్పున మూడు నెలలు, ఇప్పుడు ఎవరు తిరిగి ఇస్తారు.

ముప్పై ఆరు నిమిషాలైంది. అక్క వేళ్ళు కిటికీ అంచు వదిలేసి ఉన్నాయి, నేను అదిరిపడి వెనక్కి తిరిగాను. కళ్ళు తెరిచే ఉంది. పైకప్పు వైపు చూస్తోంది.

"తగ్గిందా అక్కా?"

"తగ్గుతోంది. ముక్కు ఎగబీల్చకు, వినిపిస్తోంది."

ముక్కు తుడుచుకున్నాను. మెల్లగా పోదామని, ఇంకా పన్నెండు కిలోమీటర్లేనని, ఇక్కడి నుంచి పట్టాలు లేవని, గుంటలు వస్తే దిగి ముందు నడిచి చూసొస్తానని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే దుకాణంలో గొంతులా వినిపించింది, ఈ ఫ్రేము మీకు బాగా నప్పుతుందండీ అనే గొంతు.

"నాకు రన్‌వే అక్కర్లేదే" అంది అక్క. "ఇంటికి పోదాం."

"నువ్వేగా చూడాలన్నావు."

అక్క, మాత్ర వల్ల నాలుక మందమై, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పింది. "నువ్వు కిటికీ దగ్గర నిలబడి పొద్దస్తమానం నా మొహంలోకే చూస్తుండేదానివి. చూసి చూసి నువ్వే ముందు పోయేలా ఉన్నావు. ఏదో ఒకటి చెబుదామని చెప్పాను. బండే కొనేస్తావని నేనేమన్నా అనుకున్నానా."

గోదాము గేటు మీద గాలికి గొలుసు ఒకటి కొట్టుకుంటోంది. చెప్పేశాను అప్పుడు. మూడు వారాల పనేనక్కా, నేనే సాగదీశాను, ఇంటికి రాబుద్ధి కాక సాగదీశాను అని, తిరిగి చూడకుండా, స్పీడోమీటరు అద్దంతో చెబుతున్నట్టు చెప్పాను.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"ఇరవై ఆరేళ్ళు బళ్ళతో బతికినదాన్ని. క్లచ్ ప్లేటుకి పన్నెండు రోజులు పడుతుందా ఎక్కడైనా?" నవ్వబోయింది, నవ్వు వెన్నుకి తగిలినట్టుంది, ఆపేసింది. "పోనీలే అనుకున్నా. నువ్వు వచ్చేలోపే నేను ఏడ్చుకునేదాన్ని. గట్టిగా. నర్సు రేడియో పెద్దగా పెట్టేది పక్కింటికి వినపడకుండా. నువ్వు ఉంటే ఎలా ఏడుస్తాను?"

సీట్ల మధ్యలోంచి చెయ్యి వెనక్కి పోనిచ్చి నుదురు తడిమాను, చెమటతో చల్లగా ఉంది. నేను షెడ్డులో సీటు పట్టాలు కడుగుతున్నప్పుడు ఇంట్లో రేడియో మోగుతోంది. నేను వచ్చేసరికి ఆపేసి ఉండేది, గదిలో లైటు వేసి ఉండేది, అక్క తల దువ్వించుకుని ఉండేది. ఆ దువ్విన తల చూసి ఇవాళ ఫర్వాలేదు అనుకునేదాన్ని. ఇద్దరం అలా, ఒకరి నుంచి ఒకరం దాచుకోవడానికి అంత కష్టపడి, చివరికి ఇక్కడ, తాళం వేసిన గోదాము పక్కన. ఇక నా ముందే ఏడువు అక్కా అనాలనిపించింది. అనలేకపోయాను. అలా అడిగితే వచ్చేదా అది.

"మరి రన్‌వే అక్కర్లేనిదానివి ఇవాళ ఎందుకొచ్చావు?"

"నువ్వు నడుపుతుంటే చూద్దామని." కళ్ళు మూసుకుంది. "క్లచ్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచుతున్నావు. తీసెయ్. ప్లేటు అరిగిపోతుంది."

నలభై నాలుగు నిమిషాలకి బండి తీద్దామంది. ఇంజను ఒకసారి తుమ్మి అందుకుంది. రోడ్డు సన్నంగా ఉంది, రెండు పక్కలా నీళ్ళు లేని కాలువ, బండి చూస్తే ఈ పొడుగు, ఎలా తిప్పాలో నాకు తెలియలేదు, లైసెన్సు పరీక్షలో ఇంత పొడుగు బండి ఇవ్వలేదు. వెనక్కి చూడబోతే పరుపు, దుప్పటి, అక్క ముడుచుకున్న మోకాళ్ళు, అంతవరకే. వెనక నాకేం కనిపించట్లేదని అక్కకి చెప్పాను. నేను చూస్తున్నానుగా అంది. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పమంది, ముందు చక్రం గడ్డి తగిలేదాకా పొమ్మంది, ఇప్పుడు ఎడమకి తిప్పి రివర్సు వెయ్యి అంది. వేశాను. బండి వెనక్కి కదిలింది. ఆమె కాళ్ళకి అవతల, ఆ పెద్ద అద్దంలో కాలువ గట్టు దగ్గరికొస్తూ ఉండాలి, నాకు కనిపించదు, ఆమెకి కనిపిస్తుంది. రా, రా, ఇంకొంచెం, భయపడకు రా, అని గొంతు పెద్దది చేయకుండా చెబుతూనే ఉంది, డాక్టర్లకీ బేకరీ వాళ్ళకీ చెప్పిన గొంతుతో, పాల వ్యాను రోజున నాకు దొరకని గొంతుతో. ఆపు అంది. ఆపాను. మళ్ళీ కుడికి తిప్పమంది. మూడుసార్లు ముందుకీ వెనక్కీ పోయాక మా నీలం బండి ఊరి వైపు తిరిగి నిలబడింది.

రెండో గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు తీసేశాను. ఎండ ఇప్పుడు నా కళ్ళలోకి పడుతోంది. వెనక అద్దంలో అక్కకి మేం వెళ్ళాల్సిన రన్‌వే దారి కనిపిస్తూ ఉంటుంది, ఒక్కో గజమూ దూరమవుతూ. రైలు పట్టాలు ఇంకా రావాలి, వాటిని ఇంకోసారి దాటాలి, దాటే ముందు ఆపి చెబుతాను, చెయ్యి పట్టుకుంటాను, అంతకంటే చేయగలిగింది లేదు. వెనక నుంచి అక్క ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. నిద్రపోయిందేమో అనుకున్నాను, నిద్రపోతే బాగుండుననుకున్నాను, వద్దు మెలకువగా ఉండాలి అనుకున్నాను.

"అక్కా, ఏం కనిపిస్తోంది?"

"రోడ్డు."

"ఇంకా?"

"రోడ్డేనే" అంది. గొంతు తడిగా ఉంది, దాచుకోలేదు. "నువ్వు నడుపు."